బొట్టుకు నోచుకోని ల్యాప్‌టాప్

మా మామ పోయాడన్న కబురు నాకు ఫోన్లోనే వచ్చింది. వచ్చింది గాని, మొదట వినపడలేదు. ఆ ఫోన్‌ను మొదటి లాక్‌డౌన్‌లో మామే ఒకసారి విప్పి, స్పీకర్లో దూది తీసి, మళ్లీ బిగించాడు. అప్పటి నుంచి దాని కింది కుడి మూలను బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంటేనే అవతలి మాట వినిపిస్తుంది. ఆయన దాన్ని లోపం అనుకోలేదు. "బొటనవేలు ఉన్నదెందుకు మరి" అన్నాడు.

ఆ పొద్దున సూరత్ అవతల పల్సానాలోని నా గదిలో స్టౌ మీద చాయ్ పొంగుతోంది. ఉధ్నా నుంచి అత్త ఫోన్. "బిడ్డా, మీ మామ..." అన్నంత వరకే విన్నాను. వేలు జారింది. అత్త నాకు ఫోన్ చేసేదే మామ మీద చాడీలు చెప్పడానికి. ఏ వస్తువును ముక్కలు చేసి నట్టింట పరిచాడో చెప్పి, తన గోడు వెళ్లబోసుకుని, చివర్లో నువ్వు తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది. అందుకని తాపీగా స్టౌ ఆర్పి, చాయ్ వడగట్టుకుని, అప్పుడు మూల నొక్కి, "అత్తా, ఈసారి ఏమిప్పిండు?" అన్నాను.

అవతల అత్త ముక్కు చీదుకుంది. తర్వాత అత్త అంది, "ఇగ ఏమిప్పడు బిడ్డా."

ఆ మాటతోనే నాకు అర్థమైంది. ఆ చాయ్ నేను తాగలేదు.

ఆయన కూడా తాగలేదట. బమ్రోలిలో తాను పనిచేసే షెడ్డులో పొద్దున్నే ఒక మగ్గం బిగించి, మీట వేసి, అది ఆడుతుంటే చూస్తూ స్టూలు మీద కూర్చున్నాడట. చాయ్ గ్లాసు చేతికిచ్చి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి గ్లాసు నిండుగానే ఉంది, మగ్గం నడుస్తోంది, మామ లేడు. అవి ఇంకా మాస్కులు గడ్డాల కిందికి జారి వేలాడుతున్న రోజులు. వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే నిలబడి "కరోనానా" అని అడిగారు. అత్తకు ఏడుపు ఆగి కోపం వచ్చింది. "కరోనా గాదు, గుండె. లోపటికి రాండ్రి" అని అందరినీ గదమాయించింది.

మామ అంటే మా అమ్మకు అన్న. మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. సిరిసిల్ల నుంచి మమ్మల్నిద్దరినీ సూరత్ తీసుకొచ్చి, ఉధ్నాలో తాను ఉండే ఇంట్లోనే పై గది ఇచ్చాడు. నా చదువూ, నా పెంకితనమూ అన్నీ ఆయన నెత్తి మీదే సాగాయి. ఆయన పవర్‌లూమ్ మెకానిక్. షెడ్డుల్లో అందరూ మాస్టర్ అంటారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూలు తిప్పే పేచ్‌కస్ ఉండేది. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా చెయ్యి ముందు దాని మీదికే పోయేది.

ఆయన చూసుకునే మగ్గాల్లో ఒకటి నాకన్నా వయసులో పెద్దది. దాని మోటారు మార్చారు, పళ్ల చక్రాలు మార్చారు, పోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే కర్ర ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు. చివరికి ఇనప కాళ్లు కూడా ఒక పాత మగ్గానివి తెచ్చి తగిలించారు. "అన్నీ మార్చినంక గది అదే మగ్గం ఎట్లయితది మామా?" అని చిన్నప్పుడు అడిగాను. ఆయన నా నోట్లోకి చూసి, "నీకు పాలపండ్లు ఊడి కొత్తయి రాలేదా. మరి నువ్వెవలు?" అన్నాడు. ఆ రోజంతా అద్దంలో పళ్లు చూసుకున్నాను.

మా ఇళ్లల్లో దసరాకు పనిముట్లను కడిగి బొట్టు పెట్టడం మామూలే. అయితే మా మామ దసరా మామూలుది కాదు. మగ్గానికి పెట్టే బొట్టు నీళ్లతో కలిపితే ఆ అదురుకు రాలిపోతుందని, కుంకుమను మగ్గం నూనెలో కలిపేవాడు. ఆ బొట్టు మళ్లీ దసరా దాకా ఊడదు. రెండో నియమం ఇంకా కష్టమైంది. ఏ వస్తువుకు బొట్టు పెట్టాలన్నా ముందు దాన్ని తన చేత్తో విప్పి, తుడిచి, మళ్లీ బిగించాలి. దాంతో పండగ ముందు రోజు మా ఇంట్లో ఏదీ ఒక్క ముక్కగా ఉండేది కాదు. ఫ్యాను నేల మీద, టీవీ బోర్లా, అత్త కుట్టుమిషన్ మూడు గిన్నెల్లో. ఒక దసరాకు మిక్సీ స్విచ్ విరిగిపోతే, దాని బదులు షెడ్డులో మిగిలిన మగ్గం స్విచ్ తెచ్చి బిగించాడు. అరచేయంత పెట్టె, దాని మీద ఒక పచ్చ బటనూ ఒక ఎర్ర బటనూ. అప్పటి నుంచి మా అత్త పచ్చడి చేయాలంటే ఎడమ చేత్తో మిక్సీ మూత పట్టుకుని, కుడి పిడికిలితో పచ్చ బటన్ మీద ఒక్కటి పొడవాలి. ఆ టప్పుమన్న చప్పుడుకు గల్లీ అంతటికీ మా ఇంట్లో పచ్చడి అవుతోందని తెలిసిపోయేది. ఆ మిక్సీ ఇప్పటికీ నడుస్తోంది.

నేను డిజైనింగ్ నేర్చుకుని, చీరల సేఠ్ దగ్గర పనికి కుదిరి, నా సొంత సంపాదనతో మొదటిసారి ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. అప్పటికి లాక్‌డౌన్ ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. సన్నగా, తళతళలాడుతూ, అట్టముక్కంత తేలికగా ఉండేది. ఆ దసరాకు దాన్ని కొత్త రవికగుడ్డ మీద పెట్టి పూజలో ఉంచాను. మామ చేతుల్లోకి తీసుకున్నాడు. ముందు బరువు చూశాడు, తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, తర్వాత బోర్లా తిప్పాడు. అడుగున పదకొండు స్క్రూలు, ఒక్కోదాని నెత్తి మీద అయిదు రెక్కల చిన్న పువ్వు. ఆయన జేబులోని పేచ్‌కస్‌ల్లో ఏదీ ఆ పువ్వులో దిగదు.

"బ్యాటరీ ఎట్ల తీస్తరు దీనిది?" అన్నాడు.

"తీయరు మామా. లోపట అతికేసి ఉంటది."

"మెమరీ తక్కువైతే?"

"అది గూడ బోర్డుకే అతికి ఉంటది. ఎక్కువ కావాలంటే కొత్తది కొనాలె."

ఆయన దాన్ని మెల్లగా రవికగుడ్డతో సహా తీసి పక్కన పెట్టాడు. "ఇప్పరానిది మనది గాదు బిడ్డా. కిరాయికి తెచ్చుకున్నట్టే. కిరాయిదానికి నేను బొట్టెందుకు పెట్టాలె?"

నాకు ఏడుపొచ్చింది. నా సొంత డబ్బుతో కొన్న మొదటి వస్తువు. తుప్పు పట్టిన పట్టకారుకు బొట్టు పెట్టాడు, నా ల్యాప్‌టాప్‌కు పెట్టలేదు. వాదించాను కూడా. బస్సులో దాన్ని భుజాన వేసుకుని తిరిగేది నేనని, లావుదైతే భుజం పడిపోతుందని, ప్రపంచంలో అందరూ విప్పేవాళ్లే ఉండరని. ఆ చివరి మాటను ఆయన పట్టుకున్నాడు. "అందరిప్పాలని ఎవలన్నరు? ఇప్పేటట్టు ఉండాలె అంటున్న. తలుపుకు గొళ్లెం లోపటి దిక్కు ఉంటది గదా, నువ్వు తీసినా తీయకపోయినా. బయటి దిక్కే ఉంటే దాన్ని ఇల్లంటరా?" నాకు ఇంకా కోపమొచ్చింది. తర్వాతి దసరాకు కూడా ఇదే తంతు.

ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చి మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఉధ్నాలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ చప్పుడు లేకపోతే చెవుల్లో ఏదో పడ్డట్టు ఉంటుంది. మామకు మరీ కష్టమైంది. విప్పడానికి ఏమీ లేదు. మొదటి వారం ఇంట్లోని ఫ్యాన్లన్నీ విప్పాడు. రెండో వారం కుక్కరు పిడి, తలుపు బందులు, దేవుడి గంట. నా ఫోన్ ఆ వారంలోనే ఆయన చేతిలో పడింది. అత్త మిక్సీని బియ్యం డ్రమ్ములో దాచింది. "మనిషిని ఇంట్ల పెట్టి తాళం ఏసిన్రు సరే, చేతులకెవలు ఏస్తరు" అని వాపోయేది.

నవ్వుతూ రాస్తున్నాను గాని, ఇంట్లో పరిస్థితి నవ్వేలా లేదు. షెడ్డు మూసేశారు, మామకు పని లేదు. అమ్మ చీరలకు ఫాల్ కుట్టేది, అదీ ఆగింది. నలుగురి తిండీ నా ల్యాప్‌టాప్ మీద పడింది. సేఠ్ ఫోన్ చేసి, మార్కెట్ తెరిచే నాటికి పండగ సీజన్ చీరల డిజైన్లన్నీ సిద్ధంగా కావాలన్నాడు. అవి ఇస్తే పల్సానా యూనిట్లో నాకు ఖాయం ఉద్యోగం, ఇవ్వకపోతే వేరే డిజైనర్ను చూసుకుంటానన్నాడు. అంత సూటిగా చెప్పినందుకు ఆయన్ను నేనేమీ అనుకోలేదు. మెట్ల మీద కూర్చుని గీశాను, వంటింట్లో గీశాను, చార్జర్ తీయకుండా నెలల తరబడి గీశాను.

ఒక రోజు టచ్‌ప్యాడ్ ఎత్తుగా తగిలింది. నా వేళ్లు వాచాయేమో అనుకున్నాను. రెండు రోజులకు మూత సరిగ్గా మూసుకోవడం మానేసింది. నాలుగో రోజుకు టచ్‌ప్యాడ్ మధ్యలో పూరీలా పొంగింది, యంత్రం దానంతటదే ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. లోపల బ్యాటరీ ఉబ్బిపోయింది. నా డిజైన్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో దాచుకోలేదా అని మీరు అడుగుతారు. పెన్‌డ్రైవ్ ఉంది. దాని నిండా అత్త కోసం ఎక్కించిన సీరియళ్లు ఉన్నాయి.

షాపులు సగం పూట తెరవనిచ్చిన రోజుల్లో మామా నేనూ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాం. నేల మీద సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి, ఒక్కో గుండ్రం ముందుకు జరుగుతూ గంట తర్వాత కౌంటర్ చేరాం. కౌంటర్ వెనకాల కుర్రాడు మాస్కు మీద ముఖానికి అడ్డంగా ప్లాస్టిక్ అద్దం కూడా పెట్టుకున్నాడు. చూసి, పెదవి విరిచాడనే అనుకుంటున్నాను, కనపడలేదు. బ్యాటరీ విడిగా రాదని, కీబోర్డుతో కలిపి వస్తుందని హిందీలో చెప్పాడు. బోర్డు కూడా మార్చాల్సి రావచ్చని, అప్పుడు లోపలున్నదంతా పోతుందని అన్నాడు. ఆ పార్టులు రావడానికి రెండు నెలలు పడుతుందని, అంతకన్నా కొత్తది కొనుక్కోవడమే మేలని ముగించాడు.

మామ తన సూరత్ హిందీలోకి దిగాడు. "భయ్యా, ఇస్‌కా మాలిక్ కౌన్ హై?" దీని యజమాని ఎవరని.

"మీరే అంకుల్."

"మరి బ్యాటరీ ఒక్కటి తీసి ఇయ్యి. వైరు మీద నడుపుకుంటం."

"తీయకూడదు అంకుల్. మీరు కూడా విప్పకూడదు. రూల్."

మామ తన కళ్లద్దాలు తీశాడు. ఎడమ కంటి కింద వేలు పెట్టి రెప్ప లాగి, ఆ కుర్రాడి మీదికి వంగాడు. వెనక గుండ్రంలో ఉన్నాయన భయపడి ఇంకో గుండ్రం వెనక్కి పోయాడు. "పోయినేడు ఈ కన్ను ఆపరేషనైంది. పాత అద్దం తీసి కొత్త అద్దం ఏసిండు డాక్టరు. అరగంట పని. దేవుడు చేసిన కంటికి పార్టు దొరుకుతది. నీ కంపెనీ చేసిన డబ్బాకు దొరకదా?"

ఇదంతా ఆయన హిందీలో చెప్పాననే అనుకున్నాడు. సగం తెలుగే. కుర్రాడికి మాత్రం అంతా అర్థమైంది. చుట్టూ చూసి, ల్యాప్‌టాప్ తిరిగి ఇస్తూ గొంతు తగ్గించాడు. "అంకుల్, మీరు ఎలాగూ విప్పుతారు. ఉబ్బిన బ్యాటరీకి సూది గాని స్క్రూడ్రైవర్ గాని తగలనీయకండి. చిల్లు పడితే మంటలొస్తాయి. వేడి కూడా చేయొద్దు." ఆ పిల్లవాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆటోలో నేను ఏడ్చాను. మామ బయటికి చూస్తూ, "ఏడ్వకు, మాస్కు తడుస్తది. రెండోది తేలే" అన్నాడు. ల్యాప్‌టాప్‌ను తన ఒళ్లోకి తీసుకుని, "ఇంటికి పోయినంక దాన్ని మనది చేసుకుందాం" అన్నాడు.

ఒక లావు సూది మొనను ఆకురాయితో రుద్ది రుద్ది, ఆ అయిదు రెక్కల పువ్వులో దిగేటట్టు చేయడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. దానికి మగ్గం కర్ర ముక్కతో పిడి వేశాడు. మూడో రోజు పొద్దున గడప దగ్గర వెలుతురులో చాప పరిచి కూర్చున్నాం. షెడ్డులో నట్లూ బోల్టులూ అయితే డబ్బాలో వేసేవాడు. ఇవి నువ్వుగింజలంత స్క్రూలు, పైగా ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా ఉండాలని కొత్త సబ్బుబిళ్ళ ఒకటి తెచ్చి, ల్యాప్‌టాప్ అడుగున ఏ స్క్రూ ఎక్కడుందో సబ్బు మీద కూడా సరిగ్గా అక్కడే గుచ్చుతూ పోయాడు. పదకొండూ దిగాయి. చూడముచ్చటగా ఉంది. ఆ సబ్బును గోడ పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

అడుగు మూత తీసేసరికి లోపల ఉబ్బిన బ్యాటరీ. ముందు దాని తీగను బోర్డు నుంచి ఊడదీశాడు. తర్వాత చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బ్యాటరీ అడుగంతా జిగురు. ఇనుము తగలకూడదు, వేడి చేయకూడదు. మామ అంతసేపు ఏ వస్తువునూ ముట్టుకోకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత లేచి, లోపలి నుంచి ఒక దారం కండె తెచ్చాడు. మేం చీరలు నేసే పాలిస్టర్ దారమే. మూరెడు తెంపి, నాలుగు పేటలు మెలేసి, శానిటైజర్ సీసాలో ముంచాడు. ఆ రోజుల్లో ఇంట్లో మంచినూనె లేకపోయినా శానిటైజర్ ఉండేది.

"నువ్వు ఆ కొస పట్టు. నేనీ కొస పడుత. గుంజకు. నువ్వు వదిలితే నేను లాగాలె, నేను వదిలితే నువ్వు లాగాలె."

దారాన్ని బ్యాటరీ అంచు కిందికి పోనిచ్చి ఇటూ అటూ ఆడించాం. మొదట కదల్లేదు. నా చూపంతా బ్యాటరీ మీదే. లోపల నా ఉద్యోగం, పొంగిన పూరీ కింద. "చూడకు దాన్ని, నా చెయ్యి చూడు" అన్నాడు మామ. ఆయన చెయ్యి చూస్తూ లాగాను. వదిలాను. లాగాను. మెల్లగా దారం జిగురును కోస్తూ లోపలికి నడిచింది. రెండుసార్లు తెగింది, రెండుసార్లూ ఆయన ముడి వేశాడు. ఆ ముడి ఎంత సన్నగా ఉండేదంటే జిగురులో కూడా అడ్డం పడలేదు. నలభై ఏళ్లుగా తెగిన పోగులు కట్టిన వేళ్లు అవి. చివరికి బ్యాటరీ చప్పుడు లేకుండా లేచి వచ్చింది.

మామ దాన్ని అరచేతుల మీద పసిగుడ్డులా పట్టుకుని మేడ మీదికి నడిచాడు. అక్కడ ఇసుక బకెట్ ముందే సిద్ధం చేశాడు. మెట్ల దగ్గర ఎదురొచ్చిన అమ్మతో, "జరుగు చెల్లె, ఇది పేల్తది" అన్నాడు. అమ్మ ఆ తర్వాత చాలా రోజులు వడియాలు పెట్టడానికి మేడ ఎక్కలేదు.

మామా నేనూ మేడ మీద ఉన్న ఆ కాసేపట్లోనే అత్త కూరగాయలు కొనుక్కుని వచ్చింది. కరోనా రోజులు కదా, గడప దాటగానే చేతులు కడగాలి. గోడ పక్కన కొత్త సబ్బు కనిపించింది. కళ్లజోడు లేదు. కిందికి దిగేసరికి పంపు దగ్గర నిలబడి, చక్కగా ఇరవై దాకా లెక్కపెడుతూ చేతులు రుద్దుకుంటోంది. "గీ సబ్బు మంచిగ లేదు, గరుకుగున్నది. ఏడ తెచ్చినవయ్యా?" అంది.

మామ ఉరికి పంపు కట్టేశాడు. ఆ తర్వాత గంటసేపు ముగ్గురం తూము దగ్గర కూర్చుని నురగను చాయ్ జాలీతో వడగట్టాం. ఎనిమిది జాలీలో దొరికాయి. ఒకటి అత్త గాజుల మధ్య దొరికింది. ఇంకొకటి సబ్బులోనే ఉంది. పదకొండోది ఇప్పటి దాకా దొరకలేదు. అత్త అన్నది ఒకటే, "సబ్బును సబ్బు లెక్క ఉంచక మీకెందుకు?"

మూత బిగించక ముందే వైరు తగిలించి చూశాం. నేను కళ్లు మూసుకున్నాను. "తెరువు, వెలిగింది" అన్నాడు. నా డిజైన్లు అన్నీ, ఒక్క పువ్వు కూడా రాలకుండా, ఎక్కడివక్కడ ఉన్నాయి. నేను మామ భుజం మీద తల పెట్టి మళ్లీ ఏడిస్తే, ఈసారి మాస్కు సంగతి ఎత్తలేదు. "పో, పోయి మీ అమ్మకు చెప్పి తోలుకరా" అని పైకి పంపాడు. నేను అమ్మను తీసుకుని వచ్చేసరికి మూత బిగించేసి, పది స్క్రూలూ దింపి, చేతులు తుడుచుకుంటున్నాడు.

డిజైన్లు సేఠ్‌కు చేరాయి. పల్సానా ఉద్యోగం నాదైంది. ల్యాప్‌టాప్ మాత్రం అప్పటి నుంచి వైరు ఉంటేనే బతుకుతుంది. కరెంటు పోతే ఠపీమని ఆరిపోతుంది. నేను విసుక్కుంటే, "కరెంటు పోతే మగ్గం గూడ ఆగుతది. దాన్ని ఎవలన్న తిడుతరా" అనేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. అరగంట నడిచి వేడెక్కితే చాలు, దాంట్లోంచి మగ్గం నూనె వాసన వచ్చేది. పల్సానా ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుంటే నా చుట్టూ షెడ్డు వాసన. సేఠ్ రెండుసార్లు వచ్చి, ఎక్కడో నూనె కారుతోందని గోడలు తడిమి చూశాడు. మామ అలవాటు కొద్దీ దాని ఫ్యాన్‌లో నూనె పోశాడని నాకు అర్థమైపోయింది. ఆదివారం ఉధ్నా వెళ్లి పోట్లాట పెట్టుకున్నాను.

"నూనె పోసినవా మామా దాంట్ల?"

"మిషన్ల నేను నూనె పోయలే."

"మరి వాసనెందుకొస్తది?"

"ఏమో. ఇప్పి చూసుకో" అన్నాడు. సూదితో చేసిన ఆ పేచ్‌కస్ నా చేతిలో పెట్టాడు. "ఆర్నెల్లకోపారి ఇప్పి ఫ్యాన్ల దూది తియ్యాలె. నేను తియ్య. నీది నువ్వే ఇప్పాలె."

అబద్ధమాడుతున్నాడనే అనుకున్నాను. పేచ్‌కస్ తెచ్చి పెన్నుల డబ్బాలో పడేశాను. విప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ ఏడాది దసరాకు ల్యాప్‌టాప్‌ను మళ్లీ రవికగుడ్డ మీద పెట్టాను. ఇక అడ్డేముంది, తన చేతులతోనే విప్పాడు కదా. మామ కుట్టుమిషన్‌కు పెట్టాడు, మిక్సీకి పెట్టాడు, మిక్సీ బటన్‌కు విడిగా పెట్టాడు. నా ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి, ఒక నవ్వు నవ్వి, దాటేసి పోయాడు. "మామా" అంటే, "దానికవసరం లేదు, పో" అన్నాడు. ఇంటిల్లిపాది ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక మొండికేస్తున్నాడనుకున్నాను. ముసలితనపు పంతం అని అత్తతో అన్నాను కూడా. తర్వాతి దసరాకు, అంటే మొన్నటి దసరాకు, పంతం నేను పట్టాను. ల్యాప్‌టాప్‌ను పల్సానాలోనే వదిలేసి వచ్చాను. మామ గుమ్మంలోనే నా సంచి చూసి, "మిషన్ తేలేదా?" అని అడిగాడు. "ఎందుకు, కిరాయిదేగా" అన్నాను. ఆయనతో నేను కడుపుమంటతో అన్న ఆఖరి మాట అదే. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. సేఠ్ పంపమన్న పని ఏదో ఉంటే పై గదిలో ల్యాప్‌టాప్ తెరిచాను. ఫ్యాన్ గరగరలాడుతోంది. సూరత్ గాలిలో ఉండే దూదంతా దాంట్లోనే చేరినట్టుంది. కాసేపటికి వేడెక్కి ఆ నూనె వాసన మొదలైంది. ఆయన లేని ఇంట్లో ఆ వాసన. ఇక పని చేయలేకపోయాను. వైరు ఊడదీసి, వెంట తెచ్చుకున్న పెన్నుల డబ్బాలోంచి ఆ సూది పేచ్‌కస్ తీశాను. కొత్త సబ్బుబిళ్ళ ఒకటి ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్కో స్క్రూ తీసి, ఎక్కడిది అక్కడే గుచ్చుతూ పోయాను. పదీ దిగాయి. పదకొండోదాని చోటు సబ్బు మీద ఖాళీగా ఉంది.

మూత మెల్లగా లేపాను.

ఫ్యాన్‌లో దూది ఉంది, బోర్డు మీద దుమ్ము ఉంది. నూనె మాత్రం ఎక్కడా లేదు. మిషన్లో ఆయన నూనె పోయలేదు. మూత లోపలి వైపు, ఒకప్పుడు బ్యాటరీ ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా, బొటనవేలంత ఎర్రటి బొట్టు ఉంది. నూనెలో కలిపిన కుంకుమ. అమ్మను పిలవమని నన్ను పైకి పంపి, ఆ కాసేపట్లో పెట్టాడన్నమాట. రెండేళ్లు కావస్తున్నా రాలలేదు. చుట్టూ సన్నటి దూది అంటుకుని, దాంట్లో ఆయన వేలి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

బ్రష్‌తో ఫ్యాన్ శుభ్రం చేశాను, బోర్డు తుడిచాను. బొట్టు మీది దూదిని మాత్రం ముట్టుకోలేదు. కింద పంపు దగ్గర నీళ్ల చప్పుడు, దాని మీదుగా అత్త గొంతు వినిపించింది. "బిడ్డా, సబ్బేడున్నదే? చేతులు కడగాలె."

సబ్బు నా ఒళ్లోనే ఉంది. "జర ఆగు అత్తా, మామ ఇంకా బిగియ్యలే" అని నోటిదాకా వచ్చింది.